షిఫ్టు దిగాకే క్రిస్మస్!
- పన్నెండు రోజుల పండుగలో అందరికీ చోటు
- జనవరి 6 వరకు ఇంట నక్షత్ర కాంతులు

గోదావరిఖని: డిసెంబరు 25 గడిస్తే క్రిస్మస్ ముగిసినట్లేనని చాలామంది భావిస్తారు. మరునాడే గుమ్మానికి కట్టిన నక్షత్రాన్ని దించి అటకెక్కిస్తారు. బొగ్గుగనుల ప్రాంతంలో మాత్రం ఈ తొందర కొందరికి పండుగనే దూరం చేస్తుంది. పండుగ రోజున అందరూ ఇంటిపట్టున ఉండే వీలు ఇక్కడ లేకపోవడమే అందుకు కారణం.

బావికి సెలవు ఉండదు
గనిలో బొగ్గు తీయడం ఆగినా నీటి ఊట ఆగదు. పంపులు నడవకుంటే పని స్థలాలు మునుగుతాయి. ఫ్యాన్లు ఆగితే గాలి ఆడక ప్రమాదకర వాయువులు పేరుకుంటాయి. కనుక పండుగైనా పబ్బమైనా కొందరు విధుల్లో ఉండక తప్పదు. రామగుండంలోని విద్యుత్ కేంద్రం పరిస్థితీ ఇంతే. తెలంగాణ ప్రభుత్వం డిసెంబరు 26ను కూడా సాధారణ సెలవుల్లో చేర్చినా, రోజుకూలి కోల్పోతామనే భయంతో పనికి వెళ్లే ఒప్పంద కార్మికులకు ఆ వెసులుబాటు అందడం కష్టమే. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు ఉదయం ఆరాధనలో కూర్చున్నా కన్నులు మూతలు పడుతుంటాయి. ఇంటిపెద్ద లేని పండుగ పిల్లలకూ వెలితే.

లెక్క ప్రకారం 12 రోజులు
నిజానికి క్రిస్మస్ ఒక్కనాటి పండుగ కాదు. క్రీ.శ. 567లో ఫ్రాన్సులోని టూర్స్ నగరంలో జరిగిన క్రైస్తవ మహాసభ నాటికే క్రిస్మస్ మొదలు జనవరి 6 వరకు ఉన్న రోజులను పండుగ దినాలుగా పాటించే సంప్రదాయం ఉంది. డిసెంబరు 26 తొలి హతసాక్షి స్తెఫను స్మారక దినం. 28న హేరోదు చంపించిన పసిపిల్లలను స్మరిస్తారు. ఎనిమిదవ దినమైన జనవరి 1 శిశువుకు యేసు అని నామకరణం జరిగిన రోజు. జనవరి 6న తూర్పుదేశపు జ్ఞానుల రాకను తలచుకుంటారు. స్పెయిన్‌లో పిల్లలకు కానుకలు ఇచ్చే ప్రధాన దినం అదే. రష్యాలో పాత పంచాంగం ప్రకారం జనవరి 7నే క్రిస్మస్. సీఎస్‌ఐ, కథోలిక సంఘాలు ఈ పన్నెండు రోజుల పండుగ క్రమాన్ని పాటిస్తుండగా, పెంతెకొస్తు సంఘాల్లో సాధారణంగా ఈ ఆచారం లేదు.

బైబిలు చెప్పేదీ అదే
లూకా సువార్త ప్రకారం క్రీస్తు జనన వార్త మొదట అందినది రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు. అంటే రాత్రి విధుల్లో ఉన్న శ్రామికులకే! జ్ఞానులు ఆలస్యంగా వచ్చారు. వారు శిశువును దర్శించినది పశువుల పాకలో కాదు, ఒక ఇంటిలో అని మత్తయి సువార్త తెలుపుతోంది. ఆలస్యంగా వచ్చినవారి కానుకలు తక్కువ కాలేదన్నది గమనార్హం.

ఇంట ఇలా కొనసాగించవచ్చు
* ఇంటిల్లిపాదికీ విరామం కుదిరే రోజును ముందే చూసుకుని ఆనాడే పండుగ భోజనం పెట్టుకోవాలి. కొత్త బట్టల్లో ఒక జతను, పిల్లల కానుకలను ఆ రోజుకు దాచవచ్చు.
* పశువుల పాక బొమ్మలను జనవరి 6 వరకు ఉంచి, జ్ఞానుల బొమ్మలను రోజుకింత పాకకు దగ్గరగా జరిపితే పిల్లలకు కథ మనసున నాటుకుంటుంది.
* నక్షత్ర దీపాలను నిద్రించే ముందు ఆర్పాలి. తీగలు అతుకులు ఊడి ఉంటే వాడరాదు.
* ఎండు ఫలాల కేకు కొన్నాళ్లు నిలుస్తుంది. క్రీము కేకును మాత్రం నిల్వ ఉంచరాదు.
* ఖర్చంతా ఒక్కరోజున పెట్టక పంచుకుంటే అప్పు చేయవలసిన అగత్యం తగ్గుతుంది.
* పండుగనాడు విధుల్లో ఉన్నవారిని, ఆసుపత్రిలో ఉన్న రోగులను, ఒంటరి వృద్ధులను ఈ రోజుల్లో పలకరించవచ్చు.

క్రిస్మస్ వెనుకనే సంక్రాంతి వస్తుంది. ఒక ఇంటి కేకు, మరో ఇంటి సకినాలు, అరిసెలు గోడలు దాటి చేతులు మారే కాలమిది. షిఫ్టు దిగి బొగ్గు మసి కడుక్కుని వచ్చిన తండ్రికి గుమ్మాన నక్షత్రం ఇంకా వెలుగుతూ కనిపిస్తే, ఆ ఇంట క్రిస్మస్ అప్పుడే మొదలైనట్లు.