వడపోత గొట్టము - శుభ్రత

జడ్చర్ల నుండి కల్వకుర్తి మీదుగా నల్లమలకు పోయి, సలేశ్వరము వంటి లోయలకు కాలినడకన దిగువారికి చేతిలో ఇమిడెడు వడపోత గొట్టము మిక్కిలి ఉపయోగకరము. దీనిలో వెంట్రుకల వంటి సన్నని బోలు గొట్టములు కట్టగా కూర్చబడి ఉండును. వాని గోడలలోని రంధ్రముల వెడల్పు సుమారు 0.1 మైక్రాన్, అనగా మిల్లీమీటరులో పదివేలవ వంతు. కలరా సూక్ష్మజీవి ఇంతకంటె పెద్దది గనుక ఆగిపోవును. వైరసులలో పెక్కు, నల్లగొండ ప్రాంతపు బోరునీటిలో కరగియుండు ఫ్లోరైడు మాత్రము ఆగవు.

మట్టినీటిని వడకట్టినకొలది రంధ్రములు పూడి, ధార సన్నగిల్లును. అప్పుడు శుభ్రమైన నీటిని పిచికారీతో బయటి కొన నుండి వెనుకకు గట్టిగా పంపవలెను. చిక్కిన మట్టి వచ్చిన దారినే తిరిగి పోవును. వాగునీటిని ముందుగా తేరనిచ్చి, గుడ్డతో వడకట్టినచో ఈ శ్రమ తగ్గును. యాత్ర ముగిసిన పిదప మరల అట్లే కడిగి, పూర్తిగా ఆరబెట్టి దాచవలెను. తడిగా మూసి ఉంచినచో సూక్ష్మజీవులు లోపలనే పెరుగును.

ధార సన్నగిల్లినంత మాత్రమున భయము లేదు. గొట్టము క్రిందపడిన పిదప ధార హఠాత్తుగా పెరిగినచో భయపడవలెను. ఎందుచేత? పూడిన రంధ్రము సూక్ష్మజీవిని కూడ ఆపును. చిట్లిన గోడ దేనినీ ఆపదు. అట్టి గొట్టమును పారవేసి, నీటిని కాచి త్రాగుటయే క్షేమము.