నిప్పు కావలి ముఖము

ఐవరీ కోస్టు పశ్చిమ భాగమునందును, దాని నానుకొనియున్న లైబీరియాలోను దాన్ జాతివారు నివసించుచున్నారు. వీరు చెక్కిన కొయ్యముఖములు ఐరోపా, అమెరికా ప్రదర్శనశాలలలో అద్దముల వెనుక కానవచ్చును. చూచినవారు ఆ నల్లని మెరుగును, సన్నగా మూసినట్లున్న కన్నులను మెచ్చుకొందురు. మెచ్చుకొనుట తప్పుగాదు. కాని దాన్ గ్రామస్థుడు చూచునది అంతమాత్రమే గాదు.

అడవిలో రూపములేని శక్తులు కలవని వారి విశ్వాసము. మనుష్యుల నడుమ మసల గోరిన శక్తి యొకని కలలో కనబడి, తనకెట్టి ముఖము, ఎట్టి వేషము, ఎట్టి పాట కావలయునో తెలుపునట. శిల్పి చెక్కిన ముఖమునకు నారకుచ్చుల లంగా, తలకట్టు, వాద్యములు, మాటలు విప్పి చెప్పు మనుష్యుడు, ఇవన్నియు చేరినపుడే అది 'గె' యగును. ముఖము దాని కొక అంగము మాత్రమే.

గె లందరికిని ఒకే పనిగాదు. సౌమ్యముఖము ధరించినది, దీక్షకై అడవిలో నుంచిన బాలురకు ఊరి స్త్రీల నడిగి అన్నము తెచ్చును. పరుగుపందెపు ముఖమునకు కన్నులు గుండ్రముగా, పెద్దవిగా తొలుతురు. పరుగెత్తువానికి దారి కనబడవలెను గదా!

నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది నిప్పు కావలి ముఖము. దాన్ దేశపు ఉత్తర భాగము గడ్డిమైదానము. ఇండ్లకు గడ్డికప్పులు. ఎండకాలమున మధ్యాహ్నపు గాలి లేచినచో ఒక్క నిప్పురవ్వ ఊరినంతయు కాల్చివేయగలదు. అందుచేత గాలివేళకు ముందే ఈ గె ఇంటింటికి తిరిగి పొయ్యిలు చూచెడిది. ఆర్పని నిప్పు కనబడినచో ఆ ఇల్లాలిని మందలించి, ఏదో యొక వస్తువు పట్టుకొనిపోయెడిది. జరిమానా చెల్లించి విడిపించుకొనవలసినదే. పొరుగువాడు వచ్చి "నీ పొయ్యి ఆర్పు" మన్నచో కలహము పుట్టును. అడవినుండి వచ్చిన శక్తితో కలహ మెవరు పెట్టుకొందురు?

లైబీరియాలోని గాంటాలో వైద్యుడుగా నుండిన జార్జి హార్లీ, 1950లో వెలువరించిన గ్రంథమున, ఈ ముఖములు సంఘమును అదుపున నుంచు సాధనములని వివరించెను. తగవులు తీర్చు గె లుండెడివి. వాని తీర్పునకు పెద్దలును తలయొగ్గిరి.

మరియొక విశేషము. ముఖమునకు పదవి మారవచ్చును. ఒకప్పుడు వినోదమునకై ఆడిన ముఖమే, ఏండ్లు గడచి గౌరవము పెరిగిన పిమ్మట, న్యాయాధిపతి కావచ్చును. ప్రదర్శనశాలలోని చీటిపై 'నాట్యముఖము' అని యున్నదానిముందు, దాని ఊరివారు కడపట ఏ తగవు విన్నవించుకొనిరో!