పరగడుపు అంకె ఒక్కటే చాలదు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో షుగర్ తేలగానే చాలామంది మొదట మానేసేది చాయ్‌లో చక్కెర. కంచంలో అన్నం కుప్ప మాత్రం తగ్గదు. అరిగితే అదీ గ్లూకోజే. పరగడుపున 126 లోపు వచ్చిందని ధీమాగా ఉంటే, తిన్న రెండు గంటలకు 200 దాటిన సంగతి తెలియకుండానే పోతుంది. అందుకే ఒకే భోజనానికి ముందు, రెండు గంటల తర్వాత చూసుకోవాలి. ఏ తిండి ఎంత పెంచిందో అప్పుడు బయటపడుతుంది. జొన్నరొట్టెకు మారితే సరిపోదా అంటారు. జొన్నలోనూ ఎక్కువగా ఉన్నది పిండిపదార్థమే. మెల్లగా అరుగుతుంది కదాని నాలుగు రొట్టెలు లాగిస్తే లాభమేముంది? రొట్టె తగ్గాలి, పక్కన పప్పూ ఆకుకూరా పెరగాలి.

ఇలా చూసుకోవడానికి వాడే షుగర్ పరీక్ష స్ట్రిప్పుల ఖర్చు మాటేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. మాత్రలతో అదుపులో ఉన్నవారికి రోజూ అక్కర్లేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉండనే ఉంది. ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరు చెప్పినన్నిసార్లు వేలు గుచ్చుకోవాల్సిందే.