డబ్బాపాలలో ఏ కొవ్వుంది?

తల్లిపాలు తాగే పసిబిడ్డకు విరేచనం మెత్తగా, పల్చగా అవుతుంది. డబ్బాపాలకు మారగానే అదే బిడ్డ ముఖం ఎర్రబడేలా ముక్కుతుంది. అమ్మమ్మ తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి సిద్ధమవుతుంది. ‘ఈ పాలు వేడి చేశాయి’ అని తీర్పు కూడా చెప్పేస్తుంది. తొడిమ జోలికి వెళ్లొద్దంటారు పిల్లల డాక్టర్లు. కానీ పాల మీద అమ్మమ్మకు వచ్చిన అనుమానం మాత్రం పూర్తిగా తప్పు కాదు. తేడా నిజంగానే పాలలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, పాలలోని కొవ్వులో ఉంది.

డబ్బా తిప్పి చూస్తే కొవ్వు ఇన్ని గ్రాములని ఉంటుంది. లెక్క ప్రకారం కలిపితే వంద మిల్లీలీటర్లలో మూడున్నర గ్రాముల దాకా ఉంటుంది. తల్లిపాలలోనూ ఇంచుమించు అంతే. అంకె ఒకటే. కానీ బిడ్డ ఒంటికి కావాల్సింది అంకె ఒక్కటే కాదు. ఆ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఆకారంలో ఉంది, దాన్ని ఏది చుట్టుకుని ఉంది... ఇవన్నీ లెక్కే. పాలపొడి తయారీదారులు ఈ సంగతి తెలుసుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

సగం శక్తి కొవ్వులోంచే

‘కొవ్వు తగ్గించండి’ అన్నది పెద్దవాళ్లకు చెప్పే సలహా. చంటిబిడ్డ విషయంలో అది తలకిందులు. తల్లిపాలు ఇచ్చే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. ఏడాదిలో మూడింతల బరువు పెరగాలన్నా, మెదడు ఎదగాలన్నా అదే ఆధారం. నీటిని పక్కనపెడితే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలేనాయె!

ఆ కొవ్వు తగ్గితే ఏమవుతుందో అమెరికాలోని టెక్సాస్‌లో ఆరిల్డ్ హాన్సెన్ అనే పిల్లల వైద్యుడు చూపించారు. నాలుగు వందల మందికి పైగా శిశువులకు రకరకాల పాలమిశ్రమాలు పట్టించి, ఫలితాలను 1963లో ప్రకటించారు. వెన్న తీసిన పాల మిశ్రమం తాగిన పిల్లల్లో చాలామందికి చర్మం ఎండిపోయి పొట్టు రాలింది. లినోలియిక్ ఆమ్లం ఉన్న కొవ్వు ఇవ్వగానే తగ్గిపోయింది. మన ఒళ్లు తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లం అది. పొద్దుతిరుగుడు, సోయా నూనెల్లో దండిగా ఉంటుంది. ఇవాళైతే పసిపిల్లల మీద అలాంటి ప్రయోగానికి ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. అయినా డబ్బాపాలలో లినోలియిక్ ఆమ్లం ఇంత ఉండి తీరాలన్న నిబంధన వెనక ఆ పిల్లల చర్మం కథ ఉంది.

టాలో నుంచి కొబ్బరినూనె దాకా

మొదట్లో పోతపాలంటే ఆవుపాలే. నీళ్లు, చక్కెర కలిపి పట్టేవారు. ఆవు వెన్నలోని కొవ్వును పసికడుపు సరిగా పీల్చుకోలేకపోయేది. 1915 నాటికి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హెన్రీ గెర్‌స్టెన్‌బెర్గర్ అనే వైద్యుడు కొత్త దారి తొక్కారు. వెన్న బదులు టాలో, అంటే కరిగించిన పశువుల కొవ్వు, కాడ్ చేప కాలేయపు నూనె, మరికొన్ని నూనెలు కలిపి తల్లిపాల కొవ్వుకు దగ్గరగా ఉండే పాలను తయారుచేశారు. తర్వాత పశువుల కొవ్వు పోయి కొబ్బరి, సోయా, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు నూనెలు వచ్చాయి.

నూనె మార్చినంత తేలిగ్గా పని జరగలేదు. 1960లలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇచ్చిన పాలలో అలాంటి నూనెలు ఎక్కువై, విటమిన్ ఇ చాలక, ఎర్రరక్తకణాలు చితికి రక్తహీనత వచ్చింది. దానికి పాలలో కలిపిన ఇనుము ఆజ్యం పోసింది. కొవ్వు మారిస్తే విటమిన్ల లెక్కా మార్చాలని అప్పుడు తెలిసింది.

మన దేశం కథ వేరు. మనకున్నవి గేదెపాలు. వాటిలో కొవ్వు ఆరేడు శాతం, తల్లిపాలకు దాదాపు రెట్టింపు. గేదెపాలు పొడికి పనికిరావని విదేశీ నిపుణులు పెదవి విరిచిన రోజుల్లో ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా ఆ పొడి చేసి చూపించారు. కొవ్వు తగ్గించి, పసికడుపులో గట్టిగా విరగకుండా ఉండేలా పిల్లల పాలపొడి చేసే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. అమూల్ పాలడబ్బా అలా ఇంటింటికీ వచ్చింది.

కడుపులో సబ్బు!

ఇప్పుడు చాలా డబ్బాల మీద కనిపించే పేరు పామోలిన్. రేషన్ షాపులో పామాయిల్ ప్యాకెట్లు అందుకున్నవాళ్లకు, గోదావరి జిల్లాల్లో ఆయిల్ పామ్ తోటలు చూసినవాళ్లకు ఈ నూనెను పరిచయం చేయక్కర్లేదు. పసిపిల్లల పాలలో అదెందుకంటే, తల్లిపాల కొవ్వులో అయిదోవంతు నుంచి పావువంతు దాకా పామిటిక్ ఆమ్లమే ఉంటుంది. ఆ వాటా కావాలంటే చవకగా దొరికేది పామాయిల్. లెక్క సరిపోయింది. కానీ చిక్కంతా అమరికలో వచ్చింది.

కొవ్వు అణువును మూడు కొయ్యలున్న చిలక్కొయ్య అనుకోండి. ఒక్కో కొయ్యకు ఒక్కో కొవ్వు ఆమ్లం చొక్కాలా వేలాడుతుంది. పేగుల్లోని ఎంజైము వచ్చి అటూ ఇటూ ఉన్న రెండు చొక్కాలనూ తీసేస్తుంది. నడిమి చొక్కాను చిలక్కొయ్యతో సహా ఒళ్లు పీల్చుకుంటుంది. తల్లిపాలలో పామిటిక్ ఆమ్లం అరవై డెబ్భై శాతం ఆ నడిమి కొయ్యకే ఉంటుంది. కాబట్టి భద్రంగా లోపలికి వెళ్లిపోతుంది. పామాయిల్‌లో అది ఎక్కువగా చివరి కొయ్యలకు ఉంటుంది. ఎంజైము తీయగానే ఒంటరిదై పాలలోని కాల్షియంతో జతకడుతుంది. ఫలితం... సబ్బు!

ఇది మాటవరసకు అన్నది కాదు. రసాయనశాస్త్రం ప్రకారం అది సబ్బే, కాకపోతే నీళ్లలో కరగదు. ఉప్పుబోరు నీళ్లలో బట్టలు ఉతికితే నురగ రాక తెల్లటి తెట్టు కడుతుందే, అదే పదార్థం. అది బిడ్డ విరేచనాన్ని గట్టిపరుస్తుంది. దాంతోపాటు కొంత కొవ్వు, కొంత కాల్షియం కూడా బయటికి పోతాయి. పామోలిన్ ఉన్న ఫార్ములా తాగిన పిల్లల ఎముకల్లో ఖనిజాలు కాస్త తక్కువగా ఉన్నట్టు 2003లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. అమరిక మార్చి, పామిటిక్ ఆమ్లాన్ని నడిమి కొయ్యకు చేర్చిన కొవ్వును యూరప్‌లో 1990లలో తయారుచేశారు. అది తాగిన పిల్లలకు విరేచనం మెత్తబడిందని, ఎముకల్లో ఖనిజాలు మెరుగ్గా ఉన్నాయని 1999లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. ఖరీదైన డబ్బాల మీద కనిపించే ‘బీటా పామిటేట్’, ‘ఓపీఓ’ అన్న మాటలకు అర్థం ఇదే.

అలాగని పామోలిన్ విషం కాదు. ఆరోగ్యరీత్యా దాన్ని మానేయాలనడానికి ఆధారాలు చాలవని యూరప్‌లోని పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2019లో చెప్పింది. బిడ్డ బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే డబ్బా మీది ఒక్క పేరు చూసి కంగారుపడనక్కర్లేదు.

బొట్టు చిన్నది, పొర లేదు

సూక్ష్మదర్శినిలో చూస్తే మరో తేడా బయటపడుతుంది. తల్లిపాలలో కొవ్వు బొట్టు సుమారు నాలుగు మైక్రాన్లు. డబ్బాపాలలో అర మైక్రాను. నూనె తేలిపోకుండా యంత్రంలో చితక్కొడతారు మరి. తల్లిపాల బొట్టుకు ఫాస్ఫోలిపిడ్లు, కొలెస్ట్రాల్, ప్రొటీన్లతో అల్లిన పల్చటి పొర ఉంటుంది. నూనె బొట్టుకు అది లేదు.

ఆ పొరను తెచ్చి కలిపితే? స్వీడన్‌లోని ఉమియోలో ఆవుపాల నుంచి తీసిన పొరను కలిపి ఇచ్చి చూశారు. ఏడాది వయసులో తెలివితేటల పరీక్షలో ఆ పిల్లలు మామూలు ఫార్ములా పిల్లలకంటే సగటున నాలుగు పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారని 2014లో ప్రకటించారు. పెద్ద బొట్లు, పొర ఉన్న పాలు తాగిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక కొవ్వు తిండి పెట్టినా తక్కువ కొవ్వు పట్టాయని 2012లో మరో పరిశోధన చెప్పింది. ఆసక్తికరమే. కానీ ఎలుకలు ఎలుకలే. పైగా ఈ రంగంలో చాలా పరిశోధనలకు డబ్బు పెట్టేది పాలపొడి కంపెనీలేనన్న సంగతి మరిచిపోకూడదు.

కొలెస్ట్రాల్ సంగతి ఇంకా వింత. తల్లిపాలలో అది బాగా ఉంటుంది. నూనెలతో చేసిన డబ్బాపాలలో దాదాపు ఉండదు. తల్లిపాలు తాగే బిడ్డ రక్తంలో పసితనంలో కొలెస్ట్రాల్ ఎక్కువే. కానీ పెద్దయ్యాక డబ్బాపాలు తాగినవారికంటే కాస్త తక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కనిపించింది. పాల ద్వారా అందుతుంటే ఒళ్లు సొంతంగా చేసుకోవడం తగ్గిస్తుంది. ఆ అలవాటే పెద్దయ్యాకా కొనసాగుతుందన్నది ఒక ఊహ.

ఇక డీహెచ్ఏ. ‘మెదడుకు మేత’ అన్నట్టు ప్రచారమైన ఈ కొవ్వు ఆమ్లాన్ని యూరప్ 2020 నుంచి ఫార్ములాలో తప్పనిసరి చేసింది. అయితే నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దీనివల్ల తెలివి పెరుగుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదని 2017లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ మూడక్షరాల కోసం అప్పు చేసి ఖరీదైన డబ్బా కొనక్కర్లేదన్నమాట. డబ్బాపాల పిల్లలు బొద్దుగా అవుతారన్న మాటకూ మొదటి ముద్దాయి కొవ్వు కాదు, ప్రొటీను. ఎక్కువ ప్రొటీన్ ఉన్న ఫార్ములా తాగిన పిల్లలే రెండేళ్లకు ఎక్కువ బరువు తూగారని యూరప్‌లోని అయిదు దేశాల అధ్యయనం 2009లో చూపింది.

నీళ్లు కలిపితేనే ముప్పు

మన ఇళ్లలో అసలు ప్రమాదం పామోలిన్ కంటే స్కూపు దగ్గర ఉంది. ‘అరగదేమో’నని భయంతోనో, డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలనో పొడి తగ్గించి నీళ్లు పెంచుతారు. కొవ్వు సగమైతే శక్తీ పడిపోతుంది. కడుపు నిండుతుంది కానీ బిడ్డ ఎదగదు. పొడి ఎక్కువ వేసినా విరేచనం గట్టిపడుతుంది. ఏడాది నిండేదాకా గేదెపాలు, ఆవుపాలు ముఖ్య ఆహారంగా వద్దు. విరేచనంలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, బరువు ఆగినా డబ్బా మార్చడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆరో నెల దాటాక పప్పన్నంలో చెంచా నెయ్యి వేయడానికి వెనకాడొద్దు.

తల్లిపాలలో ముందు వచ్చేవాటి కంటే చివర వచ్చేవాటిలో కొవ్వు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒకవైపు ఖాళీ అయ్యాకే రెండోవైపు పట్టమనడం అందుకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవారు 64 శాతం. మిగిలినవారిలో అందరి తల్లులూ వద్దనుకుని మానేసినవారు కాదు. జబ్బు, ఉద్యోగం, కవలలు, పాలు పడకపోవడం... కారణాలు ఎన్నో. పాలడబ్బా ప్రకటనలను, డబ్బా మీద పాపాయి బొమ్మను నిషేధిస్తూ 1992లోనే మనకు చట్టం వచ్చింది.

తల్లిపాలు అందని నెల తక్కువ పిల్లల కోసం హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి పాలబ్యాంకు వచ్చింది. ఇలాంటి బ్యాంకుల్లో దాతల పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేస్తారు. క్రిములు చస్తాయి. కొవ్వును అరిగించడానికి తల్లిపాలతో పాటే వచ్చే లైపేజ్ అనే ఎంజైమూ ఆ వేడికి పనిచేయకుండా పోతుంది. అందుకే దాత పాలు చేతిలో ఉన్నా, వీలైనంతవరకు సొంత తల్లి పిండి ఇచ్చిన పాలనే ముందు పడతారు.