అహేరి సీమలో సికిల్ సెల్ వ్యాధి: జన్యువులపై మిథైల్ ముద్ర

ప్రాణహితకు తూర్పున అహేరి, ఆ నది గోదావరిలో కలియుచోట సిరొంచ. తెలుగు, మరాఠీ, గోండి, మాడియా భాషలు కలగలసిన ఈ సీమలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి తరతరములుగా కలదు. గోండు, మాడియా, పరధాను కుటుంబములలో ఇది తరచుగా కానవచ్చును గాని వారికి మాత్రమే పరిమితమైనది కాదు. ఒకే దోషమును పొందినవారిలో ఒకరు మాటిమాటికి ఎముకల నొప్పులతో మంచము పట్టగా, మరియొకరు పొలము పనులు చేసికొనుచు ఏండ్ల తరబడి ఏల తిరుగగలుగుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము జన్యువులలోని అక్షరములలోనే కాక, ఆ జన్యువులు చదువబడు తీరులో కూడ ఉన్నది.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును నిర్మించు జన్యువున ఒక్క అక్షరము మారుటయే ఈ వ్యాధికి మూలము. ఈ హిమోగ్లోబిన్ వేరైనదని 1949లో లైనస్ పౌలింగును, ఆయన సహచరులును చూపిరి. ప్రాణవాయువు తగ్గినపుడు అది పోగులుగా పేరుకొని ఎఱ్ఱకణములను కొడవలివలె వంచును. అట్టి కణములు సన్నని నాళములలో చిక్కుకొనగా నొప్పులు పుట్టును. భారతదేశమున ఈ లక్షణము 1952లో నీలగిరి గిరిజనులలో మొదట గుర్తింపబడెను.

గర్భస్థ శిశువునకు వేరొక హిమోగ్లోబిన్ కలదు. గామా జన్యువులచే నిర్మింపబడు ఇది పోగులు కట్టుటను అడ్డును. శిశువు పుట్టిన కొలది మాసములలో గామా జన్యువులు క్రమముగా మౌనము వహింపగా, బీటా జన్యువు ఆ పనిని గైకొనును. పసికందులకు తొలి నెలలలో ఈ వ్యాధి బాధ కలుగకుండుటకు ఇదియే కారణము. గామా జన్యువులు నశింపవు, జీవితాంతము ఉండును. వానికి మూత మాత్రము పడును.

ఆ మూతపై పడు ముద్రలలో డి.ఎన్.ఏ. మిథైలీకరణము ఒకటి. సైటోసిన్ అను అక్షరముపై మిథైల్ అను చిన్న రసాయన సమూహము చేరుటకు ఈ పేరు. అక్షరము మారదు, దానిపై గురుతు పడును. జన్యువు మొదలులో ఈ గురుతులు దట్టముగా నున్నచో సాధారణముగా అది చదువబడదు. కణము చీలినపుడు ఒక ఎంజైము ఈ గురుతులను క్రొత్త ప్రతిపై తిరిగి వేయును. 1982లో ఈ గురుతులను తగ్గించు 5-అజాసైటిడిన్ అను మందును బబూన్ కోతులకును, పిదప రోగులకును ఇచ్చి చూడగా గర్భస్థ హిమోగ్లోబిన్ పెరిగెను.

అట్లని మనుష్యుల మధ్య భేదమంతయు ఈ ముద్రవలననే కలుగునని తలపరాదు. జన్యువు ముందుగా మూతపడి, గురుతు తరువాత దానిని స్థిరపరచు సందర్భములును కలవు. గామా జన్యువులను అణచు ప్రోటీను బి.సి.ఎల్.11ఏ అని 2008లో తేలినది. మన దేశపు రోగులలో విస్తారముగా నున్న అరబ్-భారతీయ వంశక్రమమున గామా జన్యువు చెంతనే ఒక అక్షరభేదము కలదు. ఈ క్రమము గలవారిలో గర్భస్థ హిమోగ్లోబిన్ తరచుగా హెచ్చుగా నుండును. అనగా మూత ఎంత బిగియవలెనో నిర్ణయించుటలో వారసత్వముగా వచ్చిన అక్షరములకును పాలు కలదు. అదియుగాక ముద్ర కణమును బట్టి మారును. తెల్లకణములలో కొలిచిన గురుతు ఎఱ్ఱకణముల మాతృకలలోని స్థితిని తెలుపకపోవచ్చును.

ఈ వివేచన అహేరి కుటుంబములకు మిక్కిలి అవసరము. మన వంశక్రమపు వ్యాధి మృదువైనదను భావన ప్రచారమునకు వచ్చినను, నాగపూరు ప్రాంతపు పిల్లలలో తీవ్రముగా బాధపడువారు పలువురు కనబడిరి. సమూహపు సగటు ఒక బిడ్డకు రక్ష కాజాలదు. అన్న సుఖముగా నున్నాడని చెల్లెలి నొప్పిని నటనగా తలచుట తగదు. తల్లిని మాత్రమే నిందించుటయు తగదు. ఈ వ్యాధి గల బిడ్డ తల్లిదండ్రులిద్దరినుండియు దోషమును పొందును. ఇరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు అపాయము కలదు.

2023 జూలై 1న భారత ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమమును ఆరంభించెను. దీనికి రక్తపరీక్షయే తొలి మెట్టు. వైద్యుని పర్యవేక్షణలో వాడు హైడ్రాక్సీయూరియా గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచి నొప్పుల దాడులను తగ్గించును. పుట్టిన పిదప మూతపడిన జన్యువును కొంతవరకైనను తిరిగి పలికింపవచ్చునని ఈ చికిత్స నిరూపించుచున్నది.