ఆసుపత్రి గోడకు ఊరే పూచీ

ముంబై పక్కనున్న నేతల ఊరు భివండిలో ఎంత ఎత్తైన మేడ ఎక్కినా సముద్రం కనబడదు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య అలల మోత వినబడే మాటే లేదు. అయినా ఈ ఊళ్లో ఒక పేట పేరు బందర్ మొహల్లా. ఒకప్పుడు పడవలు ఖాడీ (సముద్రపు పాయ) మీదుగా ఇక్కడిదాకా వచ్చి సరుకు దించేవి. ఇప్పుడు పడవలు లేవు కానీ పోటు మాత్రం రోజుకు రెండుసార్లు వస్తూనే ఉంది. ఊరి పక్కన పారే కామ్వారీ నది ఆ ఖాడీలోనే కలుస్తుంది. పెద్ద వాన, పెద్ద పోటు ఒకే గంటలో వచ్చాయంటే నది నీటికి ముందుకు పోయే దారి ఉండదు. అది వెనక్కి తిరిగి ఈద్గా గుడిసెల్లోకి, నదీ నాకా వైపు, తీన్ బత్తీ బజారులోకి చేరుతుంది. అంటే సముద్రం కనబడకపోయినా భివండి ఒక విధంగా సముద్రతీరపు ఊరే. తీరపు ఊళ్లకు ఎదురయ్యే పాత ప్రశ్న దీనికీ ఎదురవుతుంది. ఆసుపత్రిని నీటి నుంచి కాపాడే గోడకు, కాలువకు, తలుపుకు డబ్బు ఎవరు పెట్టాలి? నా జవాబు సూటిగా చెబుతాను. డబ్బు ఏ ఖజానా నుంచి వచ్చినా, పూచీ మాత్రం ఊరిదే కావాలి. మునిసిపల్ కార్పొరేషన్ తన పేరు, తన వాటా, తన సంతకం ముందు పెట్టాలి.

నీళ్లొస్తే ఊళ్లో ప్రతిదీ ఆగుతుంది, ఆసుపత్రికే ఎందుకింత ప్రత్యేకత అని అడగవచ్చు. కార్ఖానాలోకి నీరొస్తే మోటార్లు విప్పి ఆరబెడతారు, తడిసిన బీములు పారేస్తారు, నాలుగు రోజులకో వారానికో సాంచె మళ్లీ ఆడుతుంది. నష్టం ఉంటుంది, కానీ దాన్ని వాయిదా వేసుకోవచ్చు. కాన్పు వాయిదా పడదు. డయాలసిస్ ఆగదు. పైగా వరద వచ్చిన రోజునే ఆసుపత్రికి పని పెరుగుతుంది. 2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ మునిగాయి, భివండి కూడా వాటిలో ఉంది. ఆ తర్వాతి వారాల్లో ముంబైలో ఎలుక జ్వరం ఎందరినో మంచాన పడేసింది. భివండిలో సిరిసిల్ల, కరీంనగర్, నల్గొండల నుంచి తరాల కిందట వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్‌లలో స్థిరపడ్డ పద్మశాలీలు ఉన్నారు, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చిన కార్మికులు ఉన్నారు. వీళ్లలో ఎక్కువమందికి కూలి మీటర్ల లెక్కన వస్తుంది. సాంచె ఆగిన రోజు కూలి లేదు. కార్ఖానాలు చిన్నవి కావడంతో ఈఎస్ఐ నీడ పడేది కొద్దిమంది మీదే. మిగతావాళ్లకు జ్వరమొస్తే దిక్కు ఇందిరా గాంధీ స్మారక ఉపజిల్లా ఆసుపత్రి. అక్కడ కుదరకపోతే ఠాణే, కల్వా, ముంబై పోవాలి. వరద రోజున ఆ దారులే తెగుతాయి. కూలీ, దారీ, ఆసుపత్రీ మూడూ ఒకేసారి ఆగిపోయే రోజు పేదవాడి ఇంట్లో ఎలా గడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మరి గోడ ఎందుకు లేవదు? డబ్బు లేక కాదు, మొదటి చిక్కు యాజమాన్యంలో ఉంది. మన రాజ్యాంగం ప్రకారం ఆసుపత్రులూ, నీటిపారుదల, కరకట్టలూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. 1992 నాటి 74వ సవరణ 12వ షెడ్యూలును చేర్చి, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం వంటి 18 పనులను పట్టణ సంస్థలకు అప్పగించవచ్చంది. ఆచరణలో ఉపజిల్లా ఆసుపత్రి రాష్ట్ర ఆరోగ్య శాఖది, నది జలవనరుల శాఖది, నాలా కార్పొరేషన్‌ది. ఆసుపత్రిలోకి వచ్చే నీటికి ఈ సరిహద్దులు తెలియవు. నదిలో పొంగి, నాలాలో వెనక్కి తన్ని, రోడ్డు మీదుగా గేటులోకి వస్తుంది. ఆరోగ్య శాఖ తన కాంపౌండు గోడ వరకే ఆలోచిస్తుంది. జలవనరుల శాఖకు నది పొడవునా లెక్క కావాలి, ఒక భవనం దాని లెక్కలోకి రాదు. మధ్యలో మిగిలిన నేల ఎవరిదీ కాదు. పది మంది ఆసాముల ఉమ్మడి గోదాము తాళం పోతే ఎవరూ కొత్త తాళం కొననట్టే ఉంటుంది పరిస్థితి.

ఇక డబ్బు. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల కింద మొత్తం 1,60,153 కోట్ల రూపాయలు లెక్కగట్టింది. అందులో 80 శాతం విపత్తు వచ్చాక సాయానికి, 20 శాతం విపత్తు రాకముందే నష్టం తగ్గించే పనులకు. ఈ రెండో భాగం సుమారు 32 వేల కోట్లు. గోడలు, కాలువలు, గేట్లు దీని కిందికే వస్తాయి. జాతీయ స్థాయి నిధిలో నేల కోత నివారణకు 1,500 కోట్లు, పట్టణ వరదల తగ్గింపుకు 2,500 కోట్లు విడిగా పెట్టారు. కానీ ఆ 2,500 కోట్లు ఏడు పెద్ద నగరాలకే: ముంబై, చెన్నై, కోల్‌కతాలకు 500 కోట్ల చొప్పున, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్, పుణేలకు 250 కోట్ల చొప్పున. 2011 జనగణన నాటికే ఏడు లక్షలు దాటిన భివండి ఆ జాబితాలో లేదు. పక్కనున్న ముంబై పేరు మీద వచ్చే సొమ్ము ఖాడీ దాటి ఇటు రాదు. జాబితాలో పేరు లేని ఊరు తానే అడగాలి. అడగాలంటే పథకం ఉండాలి, నేల కొలతలుండాలి, కట్టాక నిర్వహణ ఎవరిదో రాసిచ్చే కాగితం ఉండాలి. ఆసుపత్రి సూపరింటెండెంటు ఈ మూడూ తయారు చేయలేడు, చేయడం అతని పనీ కాదు.

నేను పూచీ అంటున్నదానికి ఇంగ్లీషు మాట స్పాన్సర్, ఇక్కడే దాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. మనకది క్రికెట్ చొక్కా మీద పేరు వేయించుకునే కంపెనీగానే తెలుసు. అమెరికాలో ఈ మాటకు చట్టంలో బరువైన అర్థం ఉంది. 1946 నాటి వరద నియంత్రణ చట్టం 14వ సెక్షన్ కింద కోతకు గురవుతున్న రోడ్లు, బడులు, ఆసుపత్రుల వంటి వాటిని కాపాడే చిన్న గట్ల పనులు సైన్యపు ఇంజినీర్లు చేపడతారు. నిర్మాణ ఖర్చులో 65 శాతం కేంద్ర ప్రభుత్వం పెడితే 35 శాతం స్థానికంగా రావాలి. పని మొదలు కావాలంటే ఒక ప్రభుత్వ సంస్థ, చాలాసార్లు ఆ ఊరి మునిసిపాలిటీయో కౌంటీయో, ముందుకొచ్చి ఒప్పందం మీద సంతకం చేయాలి. భూమి చూపేది, వాటా కట్టేది, పూర్తయ్యాక కాపాడుకునేది ఆ సంస్థే. తెలుగులో దీనికి సరిపోయే మాట పూచీదారు. అప్పు తీసుకున్నవాడు ఒకడైనా, మాట తప్పితే తట్టేది పూచీదారు ఇంటి తలుపే. అందుకే పూచీ పడేవాడు కళ్లు తెరుచుకుని ఉంటాడు.

ఈ లెక్క మన చరిత్రకు కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు సుమారు పదిహేను వేలమంది పోయారని అంచనా. ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు, ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. అప్పటి ప్రభుత్వం ఆసుపత్రిని చూసి, నీ గోడ నువ్వు ఎత్తుకో అనలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచన మీద నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నగరంలో నది ఒడ్డులను తీర్చారు, ఊరిని బాగుచేయడానికి 1912లో ఒక ప్రత్యేక బోర్డునే పెట్టారు. అదే ఒడ్డున కొత్త ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి నిలబడింది. ఆసుపత్రి రక్షణ ఆసుపత్రి బడ్జెట్‌లోంచి రాలేదు, ఊరి రక్షణలో భాగంగా వచ్చింది. ఈ కథకు రెండో సగం కూడా ఉంది. 2020 జూలైలో మూసీ పొంగకపోయినా, వాన నీరూ మురుగూ కలిసి ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి చేరాయి. పెద్ద జలాశయం నదిని ఆపింది కానీ, పక్కనున్న కాలువను ఎవరూ పట్టించుకోకపోతే నీరు వేరే దారి వెతుక్కుంటుంది. కట్టడం ఒకసారి చేసే పని, కాపాడటం ప్రతి ఏడూ చేసే పని. ప్రతి ఏడూ చేయగలిగింది ఊరి సంస్థే.

సముద్రపు ఒడ్డున ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అమెరికాలోని గాల్వెస్టన్. 1900 సెప్టెంబరు 8 నాటి తుఫానులో కనీసం ఆరు వేలమంది చనిపోయాక ఆ కౌంటీ 15 లక్షల డాలర్ల బాండ్లు అమ్మి, 1902–04 మధ్య 17 అడుగుల ఎత్తున మూడు మైళ్లకు పైగా గోడ కట్టింది. తర్వాత ఊరి నేలనే ఎత్తు చేశారు. 1915లో మళ్లీ పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఊరు చాలా తక్కువ ప్రాణనష్టంతో బయటపడింది. 1890లో మొదలైన జాన్ సీలీ ఆసుపత్రి ఈ ఊళ్లోనే పెరిగి పెద్ద వైద్య కేంద్రమైంది. అయితే 2008లో ఐక్ తుఫాను గోడ ఉన్న సముద్రం వైపు నుంచి కాక, వెనకనున్న అఖాతం వైపు నుంచి నీటిని తెచ్చి ఆ ఆసుపత్రి కింది అంతస్తులను ముంచింది. గోడ వృథా అని దీనికి అర్థం కాదు. ఒక్క దిక్కునే చూసే గోడ చాలదని అర్థం.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: కార్పొరేషన్ దగ్గర డబ్బెక్కడిది? ఆక్ట్రాయ్ పోయింది, 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం ఇచ్చే పరిహారం మీదే చాలా ఊళ్లు నడుస్తున్నాయి. రోడ్ల గుంతలు పూడ్చడానికే కష్టమైతే ఆసుపత్రి గోడా? మాట నిజమే. కానీ పూచీ అంటే మొత్తం ఖర్చు మోయడం కాదు. వాటాలో కొంత నేల రూపంలో, కొంత ఏటా నాలా పూడిక తీసే పని రూపంలో, కొంత నగదుగా ఇవ్వవచ్చు. పూచీ లేకపోతే పెద్ద వాటా కూడా రాదు. పది రూపాయలు దాచుకుని తొంభై పోగొట్టుకోవడం పొదుపు కాదు. రెండోది: ఆసుపత్రి రాష్ట్రానిది కదా, ఊరి ఆస్తిపన్ను ఎందుకు పెట్టాలి? బోర్డు మీద పేరు రాష్ట్రానిదే, మంచం మీద ఉన్నవాడు మాత్రం ఊరివాడు. ఆస్తిపన్ను కట్టే కార్ఖానా ఎవరి రెక్కల మీద నడుస్తుందో ఆ మనిషే అక్కడ పడుకుని ఉంటాడు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది, తేలిగ్గా దాటేయకూడనిది. గోడ నీటిని మాయం చేయదు, పక్కకు నెడుతుంది. ఆసుపత్రి చుట్టూ గోడ కడితే ఆ నీరు గుడిసెల మీదికి పోదా? పోతుంది. ఊరే పూచీ పడాలని నేననడానికి అసలు కారణం ఇదే. ఆసుపత్రి తన గోడ తానే కట్టుకుంటే పక్కింటివాడికి జవాబు చెప్పక్కర్లేదు. కార్పొరేషన్ మాత్రం రోగికీ, గుడిసెవాసికీ ఇద్దరికీ జవాబు చెప్పాలి, ఇద్దరి ఓట్లూ అడగాలి. అందుకని దాని పథకంలో గోడ చివర్న రావాలి. ముందు నాలా ఖాడీలో కలిసే చోట పోటు వేళ తనంతట తానే మూసుకుని ఆటు వేళ తెరుచుకునే తలుపులు, తలుపు మూసి ఉన్నంతసేపు నిలిచిన నీటిని తోడే పంపులు, నది ఒడ్డున పూడ్చకుండా వదిలిన ఖాళీ నేల. ముంబై 2005 తర్వాత పంపింగ్ స్టేషన్ల మీద భారీగా ఖర్చు పెట్టింది ఇందుకే, అక్కడి కాలువల నోళ్లు చాలావరకు పోటు మట్టానికి కిందనే ఉన్నాయి. ఆసుపత్రి లోపల కూడా కొంత పని ఉంది. 2012లో శాండీ తుఫానుకు న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు పదమూడో అంతస్తులో క్షేమంగానే ఉన్నాయి. వాటికి ఇంధనం పంపే పంపులు మాత్రం నేలమాళిగలో మునిగాయి. చివరికి రోగులందరినీ తరలించాల్సి వచ్చింది. పంపు గది పైకి మార్చడానికి అయ్యే ఖర్చు గోడ ఖర్చులో చిన్న వంతు.

ఆసుపత్రినే ఎత్తైన చోటికి మార్చేస్తే పోదా అన్నది చివరి మాట. కొత్త ఆసుపత్రికి చోటు దొరికి, భవనం లేచి, సిబ్బంది వచ్చేలోపు వానాకాలాలు చాలా గడుస్తాయి. అప్పటికీ అక్కడికి చేరే దారి పొడిగా ఉండాలి, ఆ దారి మళ్లీ కార్పొరేషన్‌దే. ఎటు తిరిగినా పని ఊరి గుమ్మం దగ్గరికే వస్తుంది.

కాబట్టి భివండిలో అడగాల్సింది పెద్ద ప్రకటన కాదు, కార్పొరేషన్ బడ్జెట్‌లో ఒక పద్దు. ఆసుపత్రి, దాని దారి, దాని నాలా మూడూ ఒకే పద్దు కింద, నిర్వహణ బాధ్యుడి హోదాతో సహా. ఆ పద్దు ఉంటే రాష్ట్ర విపత్తు నిధిని అడగడానికి ఊరికి మొహం ఉంటుంది, లేకపోతే ఏ శాఖకు ఆ శాఖ ఫైలు పక్కవాడి బల్ల మీదికి తోస్తుంది. నేతపని తెలిసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. పడుగు ఒక కార్ఖానాలో చుట్టినా, కాండెలు ఇంకో చోట నింపినా, గుడ్డలో తప్పు దొరికితే సేటు నిలదీసేది సాంచె ముందు నిలబడ్డవాణ్ణే. ఆసుపత్రి విషయంలో ఆ చోట నిలబడాల్సింది ఊరు.