వైరస్‌ను పట్టించిన పింగాణీ గొట్టం

1884లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో కలరా చెలరేగింది. నీళ్ల ద్వారా జబ్బులు పాకుతాయని అప్పటికే తెలుసు. ఆ నీళ్లలోంచి సూక్ష్మజీవులను పూర్తిగా తీసేసే నమ్మదగిన సాధనం మాత్రం లేదు. అదే ఏడాది పారిస్‌లో లూయీ పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాన్ ఆ సాధనాన్ని తయారు చేశాడు. ఒక కొస మూసి ఉన్న పింగాణీ గొట్టం అది. పైన మెరుపు పూత వేయలేదు, రహస్యమంతా అందులోనే ఉంది. పూత లేని పింగాణీని కాల్చినప్పుడు రేణువుల మధ్య సన్నని సందులు మిగిలిపోతాయి. కుళాయి ఒత్తిడికి నీళ్లు గొట్టం గోడలోకి ఇంకి, లోపలికి చేరి, కింది నుంచి చుక్కలుగా కారతాయి.

జల్లెడకు ఉండేది ఒక్క పొర రంధ్రాలే. ఈ గోడ మందమంతా మెలికల దారులే. బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. అది సందు దగ్గరే ఆగుతుంది, లేదా ఏదో ఒక మలుపులో ఇరుక్కుంటుంది.

తాగునీటి కోసం పుట్టిన ఈ గొట్టం త్వరలోనే ప్రయోగశాలల్లో పరీక్షా సాధనమైంది. 1888లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ డిఫ్తీరియా బ్యాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడపోశారు. బ్యాక్టీరియా లేని ఆ ద్రవం కూడా జంతువులను చంపింది. ప్రాణం తీసేది బ్యాక్టీరియా వదిలే విషమని అలా తేలింది.

అసలు ఆశ్చర్యం పొగాకు ఆకులో దాగి ఉంది. 1892లో రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ ఇవనోవ్‌స్కీ మొజాయిక్ తెగులు సోకిన ఆకుల రసాన్ని ఈ గొట్టంలో వడపోశాడు. వడిసిన రసం ఆరోగ్యంగా ఉన్న మొక్కలకూ తెగులు తెచ్చింది. ఇదీ విషమేమోనని ఆయన అనుమానించాడు. 1898లో నెదర్లాండ్స్‌లో మార్టినస్ బైయరింక్ ఆ అనుమానాన్ని తీర్చాడు. వడిసిన రసంతో ఒక మొక్కకు, దాని రసంతో మరో మొక్కకు తెగులు అంటించుకుంటూ పోయాడు. విషమైతే పలచబడి బలం కోల్పోవాలి. ఇది మాత్రం బలం తగ్గకుండా మొక్క కణాల్లో పెరుగుతూనే ఉంది. దానికి ఆయన వాడిన పేరే వైరస్. అదే ఏడాది పశువుల గాలికుంటు వ్యాధి కారకం కూడా వడపోతలను దాటుతుందని జర్మనీలో రుజువైంది. 1939లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పొగాకు వైరస్ కనిపించింది. సన్నని కడ్డీ, వెడల్పు 18 నానోమీటర్లు. కంటికి కనపడక ముందే నలభై ఏళ్లపాటు శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించగలిగారంటే, అది పింగాణీని దాటి వచ్చినందువల్లే.

ఏ వడపోతైనా ఏదో ఒకటి రెండు గుణాలను బట్టే వేరు చేస్తుంది, మిగతా వాటిని పట్టించుకోదు. షాంబర్లాన్ గొట్టానికి ముఖ్యంగా పరిమాణమే లెక్క. ఆసుపత్రుల్లో వాడే హెపా గాలి ఫిల్టరులో కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద ధూళి కణం మలుపు తిరగలేక పీచుకు గుద్దుకుంటుంది. మరీ చిన్న కణం గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ పోయి పీచుకే అంటుకుంటుంది. అందుకే ఫిల్టరును తప్పించుకోవడం మధ్యస్థంగా, దాదాపు 0.3 మైక్రాన్ ఉండే కణానికే ఎక్కువ వీలు. విద్యుత్ ఫిల్టర్లలో లెక్క పౌనఃపున్యానిది. తీగచుట్ట వేగంగా మారే తరంగాలను అడ్డుకుంటుంది, కెపాసిటర్ వాటినే పోనిస్తుంది. ఈ రెంటినీ కలిపి 1915 ప్రాంతంలో రూపొందించిన ఫిల్టర్ల వల్లే ఒకే తీగ మీద అనేక ఫోన్ సంభాషణలు కలగాపులగం కాకుండా సాగాయి.

మన ఇళ్లలోని స్టీలు ఫిల్టరులో ఉండే క్యాండిల్ షాంబర్లాన్ గొట్టం కోవలోదే. బురదనూ, చాలావరకు బ్యాక్టీరియానూ అది ఆపుతుంది. నల్లగొండ పల్లెల్లో ఎముకలను వంచేసిన ఫ్లోరైడ్ మాత్రం నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి క్యాండిల్‌ను సునాయాసంగా దాటేస్తుంది. దాన్ని తగ్గించడానికి 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ రూపొందించిన తరహా ఆర్‌వో పొర లాంటి మరో పద్ధతి కావాలి. కానీ ఆర్‌వో పొర శరీరానికి పనికొచ్చే ఖనిజాలనూ తీసేస్తుంది, చాలా నీటిని వృథాగా వదిలేస్తుంది. అందుకే ఫిల్టరు కొనేముందు నీటి పరీక్ష చేయించాలి. నీళ్లలో ఏముందో తెలిస్తేనే ఏ వడపోత కావాలో తేలుతుంది.